చూడకుండా అన్న ఊ

ఆ దంత వైద్య కళాశాలలో నీతి మేడమ్ అంటే ఎవరికైనా తెలుసు. అసలు పేరు ఆఫీసు గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ అవసరం పడలేదు. ఆమె పళ్ళు తీసే గదికి పెద్ద. దానికి తోడు, ఆఖరి సంవత్సరం పిల్లలకి వారానికొక గంట వృత్తి ధర్మం పాఠం చెబుతుంది. ఇరవై ఏళ్ళుగా పళ్ళు తీయడం నేర్పినందుకు ఏ పేరూ రాలేదు గానీ, ఆ ఒక్క గంటకి ఈ పేరు వచ్చి అతుక్కుపోయింది. మొదట్లో ఆమెకి కొంచెం గుచ్చుకునేది. ఇంట్లో అత్తగారు కూడా ఫోన్లో ఎవరితోనో "మా నీతి మేడమ్ ఇంకా ఇంటికి రాలేదమ్మా" అనడం విన్నాక, ఇక చేసేదేముందని ఊరుకుంది.

ఆ గంటని సరిగ్గా భోజనాల తర్వాత పెట్టారు. కడుపు నిండా తిని, ఫ్యాను కింద కూర్చున్న పిల్లలకి ధర్మం గురించి చెప్పడమంటే జోలపాట పాడటమే. అందుకని మేడమ్ ఒక ఉపాయం కనిపెట్టింది. ముందర రెండు కుర్చీలు వేయించి, ఒకరిని రోగిగా, ఒకరిని డాక్టరుగా కూర్చోబెట్టేది. డాక్టరు ఏదో ఒక పొరపాటు చేసేశాడు; ఇప్పుడు ఆ సంగతి రోగికి చెప్పాలి. రోగి వేషం వేసిన కుర్రాళ్ళు రెచ్చిపోయేవారు. ఏడ్చేవారు, కుర్చీలు ఎత్తేవారు, మీ అంతు చూస్తామనేవారు. నిద్ర ఎగిరిపోయేది.

"సూది వెయ్యడం ముందు నారింజపండు మీద నేర్చుకున్నారా లేదా? ఇదీ అంతే," అనేది మేడమ్. "ఏం జరిగిందో చెప్పండి. ఎవరు చేశారో చెప్పండి. ఇప్పుడేం చేస్తామో చెప్పండి. తర్వాత నోరు మూసుకుని అక్కడే కూర్చోండి. లేచి పారిపోవద్దు."

"క్షమించమని అడగొద్దా మేడమ్?"

"అడగొద్దు. పన్ను పోయింది ఆయనది, నొప్పి ఆయనది. మీ మనసు తేలికపరిచే పని కూడా ఆయన నెత్తినే పెడతారా? ఆయనకి అనిపిస్తే ఆయనే క్షమిస్తాడు. అనిపించకపోతే లేదు."

ఈ పాఠాన్ని అందరికన్నా బాగా పట్టుకున్న పిల్లని పిచ్చుక అని పిలిచేవారు. మనిషి చిన్నది, నడక గెంతుడు, మాట గబగబ. ఆ పిల్ల ఒకసారి డాక్టరు కుర్చీలో కూర్చుని తప్పు ఒప్పుకుంటే, రోగి వేషం వేసినవాడు అరవడం మర్చిపోయి "పర్వాలేదులే" అనేశాడు. క్లాసంతా గొల్లుమంది. మేడమ్ మాత్రం లోపల్లోపల పొంగిపోయింది. తను చెప్పింది ఒక్క బుర్రకైనా ఎక్కిందంటే ఏ టీచరుకైనా అంతకంటే ఏం కావాలి!

పళ్ళు తీసే గదిలో ఇంకో నియమం ఉంది. అది ఎక్కడా రాసి ఉండదు, కానీ ఆ గదికి అదే రాజ్యాంగం. పిల్లలు పన్ను తీసే ముందు, సన్నటి ఉక్కు పుల్లని ఆ పన్ను మీద పెట్టి మేడమ్‌కి చూపించాలి. మేడమ్ వంగి, నోట్లోకి చూసి, "ఊ" అనాలి. ఆ ఊ పడేదాకా పట్టకారు ముట్టకూడదు. ఊ పడ్డాక ఆ పన్ను బాధ్యత పిల్లలదే కాదు, మేడమ్‌ది కూడా.

రస్కుల పెద్దాయన వచ్చిన రోజు గది సంతలా ఉంది. ఆయనకి రెండు వీధుల అవతల బేకరీ ఉంది. రస్కులు కాలాయో లేదో ఆయన కంటితో చూసి చెప్పడు, పంటితో కొరికి చెబుతాడు. కింద ఎడమ వైపు పళ్ళ మధ్య పెట్టి కొరికితే ఫెళ్ళున మోగాలి. మోగకపోతే ఆ ట్రే మొత్తం మళ్ళీ పొయ్యిలోకి వెళ్ళాల్సిందే. ఇప్పుడు ఆ వైపే నొప్పి వచ్చి కూర్చుంది. పరీక్ష చేసిన డాక్టరు చీటీ మీద స్పష్టంగా రాశాడు: కింద ఎడమ వైపు ఏడో పన్ను తీయాలి, దాని వెనక ఉన్న ఎనిమిదోది భద్రంగా ఉంచాలి. ఎందుకంటే, ముందు ఉన్న పన్నుని, వెనక ఎనిమిదోదాన్ని రెండు స్తంభాలుగా పట్టుకుని మధ్యలో కొత్త పళ్ళ వంతెన కట్టొచ్చు. వంతెన కుదిరిందంటే పెద్దాయన మళ్ళీ రస్కులు కొరుక్కోవచ్చు.

ఇక్కడే ఉంది తిరకాసు. పళ్ళని ముందు నడిమి నుంచి వెనక్కి లెక్కపెడతారు. ఒక్కో వైపు ఎనిమిది. పెద్దాయనకి ఆరో పన్ను చిన్నతనంలోనే పోయింది. బస్సులో సీటు ఖాళీ అయితే పక్కవాడు జరిగి కూర్చున్నట్టు, ఏడోదీ ఎనిమిదోదీ ముందుకి జరిగి ఆ సందుని పూడ్చేశాయి. ఎక్స్‌రే చూసినవాళ్ళకి ఇది తెలుస్తుంది. వేలు పెట్టి లెక్కపెట్టినవాళ్ళకి మాత్రం ఏడు అనేసరికి చివరి పన్ను వస్తుంది. పైగా ఆ చివరి పన్ను మీద ఒక నల్ల మచ్చ ఉంది. నిజంగా పుచ్చిన పన్నేమో పైకి తెల్లగా, పెద్దమనిషిలా ఉంది.

పిచ్చుక లెక్కపెట్టింది. చివరి పన్ను మీద పుల్ల పెట్టింది. "మేడమ్, ఇదే కదా?" అంది.

మేడమ్ ఆ పక్క కుర్చీ దగ్గర నిలబడి కుర్ర డాక్టరుకి కథ చెబుతోంది. ఈ కుర్ర డాక్టరు ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు అదే గదిలో ఉద్యోగం. నవ్వితే కిటికీ అద్దాలు కదులుతాయి. మేడమ్ భర్త డ్రైవింగ్ నేర్పే మాస్టారు, ఆయన దగ్గర నేర్చుకుంటున్న ఒకావిడ నిన్న కారుని తిన్నగా తీసుకెళ్ళి కూరగాయల బండికి ఆనించి, కిటికీ అద్దం దించి, "కిలో ఎంత?" అని అడిగిందట. ఆ "కిలో ఎంత" అనేది కథకి ప్రాణం. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి పిచ్చుక పిలిచింది. కథ మధ్యలో వదిలితే చప్పబడిపోతుంది. మేడమ్ మెడ మాత్రం అటు తిప్పింది. నడుం వంచలేదు. "ఊ," అని, వెంటనే ఇటు తిరిగి "కిలో ఎంత అందట!" అంది. కుర్ర డాక్టరు నవ్వు గదంతా మోగింది.

పన్ను సులువుగా వచ్చేసింది. పిచ్చుక దాన్ని కడిగి, అరచేతిలో పెట్టుకుని చూసింది. పంటి వేర్లు శుభ్రంగా ఉన్నాయి. చీము లేదు, పుచ్చు లేదు. ఆ నల్ల మచ్చ గోటితో గీకితే ఊడిపోయింది. ఎక్స్‌రేని లైటు మీద పెట్టి చూసుకుంది. ఒకసారి చూసింది, మళ్ళీ చూసింది. తీసింది ఎనిమిదోది.

కుర్చీలో పెద్దాయన నోటినిండా దూది పెట్టుకుని, అసలు నొప్పే తెలియలేదన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి కాలేజీ హెడ్ సార్‌ని పిలిచారు. హెడ్ సార్ చెడ్డవాడేం కాదు. రిటైరయ్యేదాకా కడుపులో చల్ల కదలకుండా గడిచిపోతే చాలనుకునే మనిషి. పన్ను చూసి, ఎక్స్‌రే చూసి, నిట్టూర్చాడు. "ఎనిమిదో పన్ను ఎవడిక్కావాలమ్మా! అదీ తీయాల్సిందే, తర్వాత వచ్చి రెండోది తీయించుకోండి అని చెప్పి పంపించండి."

"చెప్పాలి సార్," అంది పిచ్చుక. గొంతు పీలగా వచ్చింది గానీ వచ్చింది. "అది ఉంటేనే ఆయనకి వంతెన కుదిరేది. నేను తీసేశానని ఆయనకి చెప్పాలి సార్."

హెడ్ సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే. మేడమ్‌కి చూపించావా తీసేముందు?"

 కుర్ర డాక్టరు తన బూట్లవైపు చూసుకుంటున్నాడు. పిచ్చుక ఒక్కసారి మేడమ్ మొహంలోకి చూసింది. ఆ చూపులో నేరం మోపడం లేదు; మేడమ్ ఏమంటుందో అని కాసేపు ఆగింది, అంతే. మేడమ్ నోరు పెగల్లేదు.

"నేను సరిగ్గా చూపించలేదు సార్," అంది పిచ్చుక.

అలా అని, తనే బయటకి వెళ్ళి, పెద్దాయన పక్కన బల్ల మీద కూర్చుంది. మేడమ్ గుమ్మం దగ్గర నిలబడింది. పిల్ల ఒక్క ముక్క కూడా మింగలేదు. ఏం జరిగిందో చెప్పింది. నేనే చేశానంది. ఇక వంతెన కుదరదని, తీసి పెట్టుకునే పళ్ళ పలక మాత్రమే చేయగలమని, నొప్పి పెడుతున్న పన్ను ఇంకా లోపలే ఉందని చెప్పింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుంది. పెద్దాయన మొహం జేవురించింది. పెదవి సగం మొద్దుబారి ఉండటంతో తిట్టు కూడా తిన్నగా బయటికి రాలేదు. దాంతో కోపం రెట్టింపైంది.

"పలక పెట్టుకుని రస్కు కొరుకుతారా ఎవరైనా?" అన్నాడు చివరికి, మాట నానుతుంటే. "రేపొద్దున వస్తాను. మీ పెద్దవాళ్ళతోనే తేల్చుకుంటాను."

ఆయన వెళ్ళిపోయాక కూడా పిచ్చుక అలాగే కూర్చుని ఉంది. మేడమ్ ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేయాలనుకుంది. ఆ చెయ్యి తనదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

సాయంత్రం ఇంట్లో మాస్టారు ఉల్లిపాయలు తరుగుతున్నాడు. అత్తగారు కట్టుడు పళ్ళు తీసి గ్లాసులో పెట్టుకుని, మెత్తటి రొట్టె పాలలో నానబెట్టుకుంటోంది. మేడమ్ జరిగింది చెప్పింది. చెప్పిందంటే, చెప్పదలుచుకున్నంత వరకు చెప్పింది.

"అయ్యో. మరి నువ్వు చూళ్ళేదా?" అన్నాడు మాస్టారు, మామూలుగానే.

"చూశానండీ. ఆ పిల్ల ఒకటి చూపించి ఇంకోటి పట్టుకుంది."

ఎంత నున్నగా వచ్చింది ఆ మాట! తడుముకోలేదు, ఆలోచించలేదు. పిచ్చుక కూడా అనని మాట, హెడ్ సార్ కూడా అడగని అబద్ధం, సొంత వంటింట్లో, ఎవరూ నిలదీయకుండానే ఆమె నోట్లోంచి జారిపడింది. అంతసేపూ తను నోరు మెదపలేదు, అంతే కదా అని సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆ సర్దుబాటు కూడా మిగల్లేదు.

"నీ ఉద్యోగమే మేలు," అన్నాడు మాస్టారు, ఉల్లిపాయ ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ. "మా దాంట్లో ఆ వీలు లేదు. నేర్చుకునేవాళ్ళు ఏ గోడని గుద్దినా, నీ కాలి కింద ఇంకో బ్రేకుంది కదయ్యా, నొక్కడానికి ఏమొచ్చింది అంటారు."

"పాపం ఆ పిల్ల," అంది అత్తగారు బోసినోటితో. "ఇవాళ అన్నం తిన్నదో లేదో."

మేడమ్‌కి ముద్ద దిగలేదు. తిన్నట్టు చేసి లేచి, గిన్నెలు తోమడానికి నిలబడింది. మాస్టారు పక్కన నిలబడి తుడుస్తున్నాడు. రెండు గిన్నెలయ్యాక ఆమె కుళాయి కట్టేసింది.

"ఏమండీ, నేను చూడలేదు."

"ఏంటి?"

"ఆ పన్ను. చూడకుండానే ఊ అన్నాను. మీ కూరగాయల బండి కథ చెబుతున్నాను అప్పుడు."

మాస్టారు చేతిలో గిన్నె అలాగే ఉంది. "మరి ఇందాక చూశానన్నావు?"

"అన్నాను."

ఆయన ఊరడించనూ లేదు, తప్పుపట్టనూ లేదు. గిన్నెని గుడ్డతో ఇంకోసారి తుడిచి, అరలో పెట్టి, "పొద్దున నేను దింపుతాలే," అన్నాడు. ఆ మాటకే ఆమెకి ఏడుపొచ్చింది.

పొద్దున హెడ్ సార్ గదిలో పెద్దాయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. బుగ్గ వాచి ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, తగాదాకి తయారై వచ్చినవాడిలా. పిచ్చుక గోడవారగా నిలబడింది. కళ్ళ కింద వాపు చూస్తే రాత్రి నిద్రపోలేదని తెలుస్తోంది.

హెడ్ సార్ అప్పటికే తీర్పు తయారు చేసుకున్నాడు. "చూడండి, విద్యార్థుల దగ్గర ఇలాంటివి మేం ఉపేక్షించం. ఈ అమ్మాయిని ఆరు నెలల పాటు రోగుల్ని ముట్టుకోనివ్వం. మిగతా వాళ్ళతో పాటు పట్టా కూడా రాదు. మీ పళ్ళ పలక ఖర్చంతా కాలేజీదే."

పిచ్చుక తలొంచుకుంది. పెద్దాయన సరేనన్నట్టు గడ్డం నిమురుకున్నాడు. అంతా సర్దుకుపోయేలాగే ఉంది. ఇప్పుడు మేడమ్ ఊరికే నిలబడితే చాలు. ఎవరూ ఇంకేమీ అడగరు. ఇంకో నిమిషంలో టీ వస్తుంది.

"నేనొక మాట చెప్పాలండీ," అంది మేడమ్.

క్లాసులో ఎన్నిసార్లు నేర్పిన వరుస అది! ఏం జరిగింది, ఎవరు చేశారు, ఇప్పుడేం చేస్తాం. తీరా తన వంతు వచ్చేసరికి ఆ వరుస మొత్తం గాలికి కొట్టుకుపోయింది. "ఈ అమ్మాయి నాకు చూపించింది. చూపించి అడిగింది కూడా. నేను చూడాలి. చూడకుండా ఊ అన్నాను. నేను అటు తిరిగి ఒక కథ చెబుతున్నాను. నేను వంగి చూసి ఉంటే మీ పన్ను ఉండేది," అంది.  "నిన్న మా సార్ అడిగినప్పుడు ఈ అమ్మాయి నా తప్పు కూడా తన మీద వేసుకుంది. నేను వేసుకోనిచ్చాను."

హెడ్ సార్‌కి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఏం కథ?" అన్నాడు.

"అండీ?"

"ఏదో కథ చెబుతున్నానన్నారు కదా. ఏం కథ?"

తప్పించుకునే దారి లేదు. మేడమ్ నేల చూపులు చూస్తూ, కూరగాయల బండి కథ మొత్తం చెప్పింది. "కిలో ఎంత" కూడా చెప్పింది. జీవితంలో ఆ కథని అంత చప్పగా ఎవరూ చెప్పి ఉండరు.

"అదన్నమాట," అన్నాడు పెద్దాయన. "నాకు నవ్వు వినపడింది. మత్తు సూది వల్ల చెవుల్లో ఏదో అవుతోందనుకున్నాను." బుగ్గ నొక్కుకుంటూ పిచ్చుక వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు నిన్ననే నా పక్కన కూర్చుని చెప్పావు. నేనప్పుడు అరిచాను గానీ, ఇంటికెళ్ళాక అనుకున్నాను, ఈ పిల్ల చెప్పకపోతే నాకు జన్మలో తెలిసేది కాదు కదా అని. నీ మీద కోపం రాత్రికే పోయింది. నా మాటగా రాసుకోండి సార్, ఈ అమ్మాయి చదువు ఆపొద్దు."

మేడమ్ కళ్ళెత్తింది.

"మీ సంగతి వేరు," అన్నాడు పెద్దాయన. "పొరపాటుకి కాదు. పొరపాటు నా బేకరీలోనూ అవుతుంది. మీరు ఒక రాత్రంతా ఈ పిల్లని ఒంటరిగా వదిలేశారు. అది నేను మింగలేకపోతున్నాను."

క్షమించండి అన్న మాట మేడమ్ నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కరుచుకుని దాన్ని ఆపుకుంది. పారిపోకుండా నిలబడటం ఎంత కష్టమో, ఇన్నేళ్ళూ పాపం పిల్లలకి తను దాన్నెంత తేలిగ్గా చెప్పిందో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆయనే ముందు లేచి వెళ్ళాడు.

హెడ్ సార్ ఆ రోజే కొత్త ఏర్పాటు చేశాడు. పిచ్చుక చదువు ఆగలేదు. మేడమ్ అనే ప్రతి ఊ పక్కనా ఇకనుంచి ఇంకొకరి ఊ కూడా ఉండాలి. ఆ రెండో ఊ కుర్ర డాక్టరుది. ఒకప్పుడు పట్టకారు తలకిందులుగా పట్టుకుని తన చేత చీవాట్లు తిన్నవాడు, ఇప్పుడు తన వెనక వచ్చి వంగి చూస్తాడు! మొదటి రోజు వాడే సిగ్గుతో చచ్చిపోయాడు. "చూడవయ్యా, సరిగ్గా చూడు," అని మేడమే వాడి తల వంచింది.

పనిముట్లు ఉడకబెట్టే గది దగ్గర పిచ్చుక ఒంటరిగా దొరికింది. మేడమ్ చుట్టూ ఎవరున్నారో చూసుకోలేదు. "నీకు నేను చేసింది, ఆయనకి చేసినదానికంటే పెద్దది. సార్ అడిగినప్పుడు నా మొహం చూశావు. నాకు తెలుసు ఎందుకు చూశావో. అయినా నోరు విప్పలేదు. ఇంటికెళ్ళి ఇంకా ఘోరం, నువ్వే వేరే పన్ను చూపించావని మా ఆయనతో చెప్పాను."

పిచ్చుక కళ్ళు పెద్దవయ్యాయి. ఆ ఆఖరి మాట మేడమ్ చెప్పకపోతే ఆ పిల్లకి తెలిసే దారి లేదు. ఇద్దరి మధ్యా ఆవిరి బుసబుసమంటూ పోయింది.

"నాకు చాలా కోపం వచ్చింది మేడమ్," అంది పిచ్చుక మెల్లగా. "రాత్రంతా మిమ్మల్ని తిట్టుకున్నాను."

"ఏమని?"

"అవి చెప్పకూడదు మేడమ్."

"అంత బాగా తిట్టావా?"

"చాలా బాగా మేడమ్."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో పిచ్చుకకి ఏడుపూ వచ్చింది, మేడమ్ ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ వారం పాఠంలో మేడమ్ రెండు కుర్చీలూ వేయించలేదు. బల్ల దగ్గర నిలబడి, పిచ్చుకని అడిగి, సరేనన్నాకే, జరిగిందంతా చెప్పింది. ఒక్కరి కళ్ళూ మూతపడలేదు. వెనక బెంచీలో ఎప్పుడూ గుర్రుపెట్టే కుర్రాడు కూడా చెయ్యెత్తాడు.

"ఆయన మిమ్మల్ని క్షమించారా మేడమ్?"

"లేదు."

"మరి ఎప్పటికీ క్షమించకపోతే?"

ఇంతకు ముందైతే ఈ ప్రశ్నకి ఆమె దగ్గర చక్కటి జవాబు ఉండేది. ఇప్పుడు కొంచెం ఆలోచించింది. "అప్పుడు కూడా పొద్దున లేచి పనిలోకి రావాలి. వచ్చి, వంగి చూడాలి. నాకింతవరకే తెలిసింది. మిగతాది తెలిస్తే చెబుతాను."

చిత్రమేమిటంటే, అలా చెప్పి ఇంటికి వెళ్ళిన రోజు ఆమెకి హాయిగా ఆకలేసింది. తప్పు తీరలేదు, పెద్దాయన మనసు మారలేదు, కుర్ర డాక్టరు వెనకాల నీడలా తిరుగుతూనే ఉన్నాడు. అయినా తినగలిగింది, నిద్రపోగలిగింది. అత్తగారి కట్టుడు పళ్ళు వదులయ్యాయంటే, స్టూలు వేసుకుని కూర్చుని, ఆ బోసినోట్లోకి మూడుసార్లు చూసింది. "ఎన్నిసార్లు చూస్తావే, లోపల ఏం లేవు!" అని విసుక్కుంది అత్తగారు.

వాపు తగ్గి, గాయం మానాక ఒక పొద్దున రస్కుల పెద్దాయన మళ్ళీ వచ్చాడు. పుచ్చిన పన్ను ఊరుకోలేదు. రాత్రుళ్ళు లేపి కూర్చోబెడుతోందట. ఊళ్ళో దంత వైద్యులు చాలామందే ఉన్నారు. ఆయన మాత్రం తిన్నగా ఆ గదికే వచ్చి, ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

"ఇంకోచోటికి వెళ్తే మళ్ళీ మొదటినుంచి అంతా చెప్పుకోవాలి," అన్నాడు ఎవరూ అడగకపోయినా. "నా నోరు ఇక్కడ అందరికీ కంఠతా వచ్చి ఉంటుంది కదా. ఆ అమ్మాయిని పిలవండి. ఆ అమ్మాయే తీయాలి."

పిచ్చుక వచ్చింది. ఎక్స్‌రేని లైటు మీద పెట్టి, పెద్దాయనకి కూడా కనబడేలా తిప్పి, ఏది పోయిందో, ఏది జరిగిందో, ఏది తీయాలో వేలితో చూపించి చెప్పింది.  మత్తు సూది వేసింది. ఉక్కు పుల్ల తీసుకుని, "మేడమ్," అని పిలిచింది.

మేడమ్ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. కుర్ర డాక్టరు ఆమె వెనక. పెద్దాయన తల వెనక్కి వాల్చాడు గానీ నోరు తెరవలేదు. మొద్దుబారుతున్న పెదవితో, ఆమె కళ్ళలోకి చూస్తూ మాట్లాడాడు.

"మిమ్మల్ని నేను ఇంకా క్షమించలేదు మేడమ్."

"తెలుసండీ."

"ఎప్పుడు క్షమిస్తానో నాకూ తెలీదు."

"సరేనండీ."

"అయినా నోరు తెరుస్తున్నాను," అన్నాడు పెద్దాయన, తెరిచాడు.

మేడమ్ లైటు కిందికి లాగి, నడుం వంచి, చూసింది.